మామ కారుకు నేను చేసిన పరీక్ష

అప్పట్లో గూడూరులో సొంత కారున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కార్ల సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందుకని తెలిసినట్టు మాట్లాడేవాడికి కూడా బోలెడు గౌరవం దొరికేది. ఆ గౌరవం మీద ఆశకొద్దీ ఇరవై ఏళ్ల వయసులో నేను చేసిన నిర్వాకం ఇది. టైపు నేర్చుకోవడానికి మద్రాసులో ఆరు నెలలున్నాను. నా గది కింద ఒక మోటారు షెడ్డు ఉండేది. రోజూ మెట్లు దిగుతూ, వాళ్లు విప్పి పెట్టిన ఇంజన్లను చూసేవాణ్ణి. (చూడటం వరకే. ఒక్కసారి స్పానరు చేతికిస్తే కాలి మీద పడేసుకున్నాను.) ఊరికి తిరిగొచ్చాక ఆ చూపునే చదువుగా చెప్పుకుంటూ తిరిగాను.

మా మేనమామ నిమ్మకాయల వ్యాపారి. సూళ్లూరుపేటలో ఉండే ఆయన స్నేహితుడొకాయన, కాంట్రాక్టరు, తన పాత కారు కొనమని వెంటపడుతున్నాడు. మా అత్తకు అప్పుడు ఏడో నెల. కాన్పుకు నెల్లూరు ఆసుపత్రికి బస్సులో తీసుకుపోతావా అని ఆ కాంట్రాక్టరు అడిగేసరికి మామ ఇరకాటంలో పడ్డాడు. నన్ను పిలిచి, "అబ్బయ్యా, నువ్వొచ్చి బండి చూడు. నువ్వెట్లా చెబితే అట్లా" అన్నాడు.

ఇస్త్రీ ప్యాంటు వేసుకుని పొద్దున్నే రైల్లో మామతో బయలుదేరాను. కాంట్రాక్టరుగారి ఇంటి ముందు నల్లకారు నిగనిగలాడుతోంది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. టైర్లను తన్నాను. బానెట్టు మీద చెవి ఆనించాను. వెచ్చగా తగిలింది. "పొద్దున్నే ఇంత వెచ్చగా ఉందంటే ఇంజన్లో జీవం ఉన్నట్టు మామా" అన్నాను. (మేము వచ్చేలోగా దాన్ని కదిలించడానికి డ్రైవరు గంటసేపు అవస్థపడ్డాడని తర్వాత తెలిసింది.) నా ధీమా చూసి కాంట్రాక్టరుగారే తన కారును కొత్తగా చూడటం మొదలుపెట్టాడు. మామ మాత్రం గొంతు సవరించుకుంటూ, "బాగా చూడబ్బయ్యా. లోపముంటే మొహమాటపడొద్దు" అని మూడుసార్లు అన్నాడు. "లోపమా? ఇట్లాంటి బండి మద్రాసులో కూడా దొరకదు!" అన్నాను. మామ ముఖం ఎందుకో వాడిపోయింది.

బండిలో ఒక చుట్టు తిరిగి రమ్మని కాంట్రాక్టరుగారు డ్రైవరునిచ్చి మమ్మల్ని పంపాడు. పులికాట్ సరస్సు గట్టు దాకా పోయి, బండి తిప్పబోతూ ఆపాము. అక్కడ ఒక ముసలాయన పడవ బోర్లించి మరమ్మతు చేసుకుంటున్నాడు. లేచొచ్చి కారు కిందికి వంగి చూశాడు.

"ఏందయ్యా, ఈ బండి ఎక్కడ మునిగింది?"

"మునగడమేంది తాతా? ఇది కారు" అన్నాను నవ్వుతూ.

"కారైతే ఉప్పునీళ్లు ఊరుకుంటాయా? ఆ పట్టా ఎత్తు."

కాళ్లకింది రబ్బరు పట్టా ఎత్తాను. దాని కింద కొత్తగా పూసిన తారు. ముసలాయన పడవ పని చేసే ఇనుప ఉలితో ఒక్క పోటు పొడిచాడు. అరచేయంత రేకు ఊడి కింద పడింది. ఆ కంతలోంచి గట్టు మీది ఇసుక, ఒక ఎండు నత్తగుల్ల కనిపించాయి. డ్రైవరు తలొంచుకుని, "తుఫాను వానలకు వారం దినాలు ఈ ఉప్పు చెరువులోనే ఉండింది సామీ" అన్నాడు.

అత్త కాళ్లు పెట్టుకోవాల్సిన చోటది. "మామా, నాకు కార్ల గురించి ఏమీ తెలీదు" అన్నాను. చెప్పేశాక, బిగించిన చొక్కా గుండీ విప్పినట్టు ప్రాణం తెరిపిన పడింది.

మామ నన్నొకసారి, ఆ కంతనొకసారి చూసి, పగలబడి నవ్వాడు. "నాకు తెలుసులేరా! స్నేహితుడి ముఖాన వద్దనలేక, నువ్వేదో ఒక వంక పెడతావని తెచ్చుకున్నా. నువ్వేమో పెళ్లికూతుర్ని పొగిడినట్టు పొగుడుతుంటివి. నాకు గుండె ఆగినంత పనైంది!" ముసలాయనకు రెండు చేతులా దండం పెట్టాడు. కాంట్రాక్టరుగారి దగ్గర కూడా కంత చూపించడంతోనే పని అయిపోయింది. మామ నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే అత్త, "కారేదీ?" అంది. నేను నేల చూపులు చూస్తున్నాను. మామ కండువా దులుపుకుంటూ, "మనవాడు పరీక్ష చేసి వద్దన్నాడు. లోపలంతా తుప్పంట" అన్నాడు. అత్త మెచ్చుకుని నాకు రెండో గ్లాసు కాఫీ ఇచ్చింది. నెలలు నిండకముందే ఆమె రైలెక్కి నెల్లూరులోని పుట్టింటికి చేరింది. సుఖంగా ఆడపిల్లను కన్నది.

మామ ఆ అబద్ధాన్ని చివరిదాకా కాపాడాడు. దాన్ని నమ్మి, కారు చూడటానికి రమ్మని ఎంతమంది వచ్చారో! అందరికీ తలనొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నిజం చెబుదామంటే అత్త నమ్మదు. "ఊరుకో, నువ్వు చూసినావు కాబట్టి సరిపోయింది" అంటుంది. నేనూ తలవంచుకుని, నవ్వి ఊరుకుంటాను.