అవ్వ మంచం మీద ఇరవై ఎనిమిది కిలోలు

దయ్యాల ముచ్చట ఎవరన్న తీస్తే ఆడ నుంచి లేచి పోయే మనిషిని నేను. జనగామల ఒక డిప్లొమా కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబుల పదకొండేండ్ల నుంచి పనిచేస్తున్న. మీటరు ముల్లు కదిలితే కరెంటు పారినట్టు, కదలకపోతే పారనట్టు. నాకు తెలిసిన లోకం అంతే. ఇది చదివి నన్ను మీరు అనుమానించినా తప్పు పట్ట. నేను గూడ ముందుగాల నన్నే అనుమానించిన.

నాకో పిచ్చి ఉన్నది. బొటనేలంత వైఫై బోర్డులు తెప్పించుకొని, వాటికి సెన్సార్లు కలిపి ఏదో ఒకటి చేస్తుంట. ట్యాంకు నిండితే ఫోన్ మోగుడు, గేటు తీస్తే లైటు వెలుగుడు, గిసొంటివి.

మా సరోజక్కను ఘనపూర్ దగ్గరి ఊరికి ఇచ్చిన్రు. భూపాలపల్లి జిల్లా. బావ పేరు సదయ్య, ఎవుసం చేస్తడు. బావ వాళ్ళమ్మ మల్లవ్వ వాళ్ళ దగ్గర్నే ఉండేది. మేమందరం అవ్వ అనే పిలుస్తం. రెండేండ్ల నుంచి అవ్వకు మతిమరుపు. అక్క, బావ పత్తి చేనుకు పోంగనే లేచి రోడ్డు మీదికి నడిచేది. ఒకపాలి లారీ కిందికి పోబోయింది. అక్క ఫోన్ల ఏడ్చుకుంట చెప్తే, నేనొక ఉపాయం చేస్త అని ధైర్యం చెప్పిన.

అవ్వ పండే నవారు మంచం నాలుగు కోళ్ళ కింద నాలుగు బరువు సెన్సార్లు పెట్టిన. వాటికి ఒక వైఫై బోర్డు. అటక మీద పాత ఫోన్ల హాట్‌స్పాట్. మంచం మీది బరువు పోయిందంటే అవ్వ లేచినట్టు. అక్క ఫోన్, నా ఫోన్ రెండూ మోగుతయి. చేను ఇంటి ఎనకనే కాబట్టి అక్క ఉరికొచ్చేది. మొదటి వారంల రెండుసార్లు అవ్వను గడప కాడనే పట్టుకున్నది.

రెండో వారం, కాలేజీల అన్నం తిన్నంక ఊరికే గ్రాఫు చూసిన. అవ్వ బరువు ముప్పై ఎనిమిది కిలోలు. పొద్దున్నుంచి గీత అట్లనే తిన్నగ ఉన్నది. పన్నెండున్నర దాటినంక ఒక్కసారిగ అరవై ఆరుకు లేచింది. అరగంట అట్లనే ఉండి, మళ్ళ ఒక్కసారిగ ముప్పై ఎనిమిదికి దిగింది.

ముందటి రోజులవి తీసి చూసిన. నాలుగు రోజుల నుంచి అదే గీత. అదే ఇరవై ఎనిమిది.

అక్కకు ఫోన్ చేసి, మధ్యాహ్నం అవ్వ దగ్గరికి ఎవరన్న వస్తున్నరా అని అడిగిన. ఎవరూ రారు, బయట గొళ్ళెం పెట్టి పోతున్నం అన్నది. ఎనక తలుపుకు మాత్రం గొళ్ళెం లేదట.

ఆ మాట నేను అడగకపోతే బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తది. ఎందుకంటే ఫోన్ బావ గుంజుకున్నడు. ఎకరంనర భూమి ఇంకా అవ్వ పేరు మీదనే ఉన్నది. బావ తమ్ముడు శ్రీను మానుకోట టౌనుల ఉంటడు, ఆటో ఫైనాన్సు ఆఫీసుల నౌకరి. నేను చిన్న బావ అంట. ఆ భూమి కాడ అన్నదమ్ములకు ఎనకట ఒకసారి మాట మాట పెరిగింది.

"గదే, నేను అనుకున్న. వాడు ఎవరినో పంపుతున్నడు. భూమి కాయిదం మీద ఏలిముద్ర ఏపిచ్చుకుంటాండ్రు," అన్నడు బావ.

ఆ పొద్దు గూకినంక బావ అవ్వ చెయ్యి పట్టుకొని, బొటనేలికి సిరా ఉన్నదా అని టార్చి పెట్టి చూసిండట. అక్క చెప్తే నాకు సిగ్గనిపించింది. ఆ టార్చి నేనే ఇచ్చినట్టు.

తెల్లారి బావ చేనుకు పోయినట్టు పోయి, పక్కింటి మేకల కొట్టంల దాక్కున్నడు. రెండు తలుపులూ అక్కడికి కనిపిస్తయి. ఒంటిగంటన్నరకు నాకు ఫోన్ చేసిండు. పిట్ట గూడ రాలేదన్నడు. నా ఫోన్ల మాత్రం పన్నెండు నలభైకి గీత లేచే ఉన్నది.

"అయితే నీ మిషన్ అబద్ధమన్న ఆడాలె, లేకపోతే నువ్వన్న ఆడాలె," అన్నడు. అక్క పెండ్లయినకాడ నుంచి బావ నన్ను ఒక్క మాట అనలేదు. అదే మొదటిది.

నాకూ అనుమానం నా పని మీదనే. అది రేకుల ఇల్లు. ఎండకు కాగితే సెన్సార్లు తప్పు చూపిస్తయి. కానీ వేడితోని వచ్చే తప్పు మెల్లగ ఎక్కుతది, మెల్లగ దిగుతది. ఇది మనిషి కూసున్నట్టు ఎక్కుతాంది, లేచినట్టు దిగుతాంది. ఎవరన్న వైఫైల దూరి ఆట పట్టిస్తున్నరా అని గూడ అనుకున్న.

శనివారం సెలవు పెట్టి బస్సెక్కిన. కొత్త బోర్డు, కొత్త సెన్సార్లు తీసుకపోయిన. పాతవన్ని పీకేసి కొత్తవి పెట్టిన. వైఫై బందు చేసి, లెక్కంతా బోర్డుకు తగిలిచ్చిన మెమరీ కార్డుల పడేటట్టు చేసిన. ఇంటి కరెంటు గూడ తీసుకోలేదు, పవర్ బ్యాంకు పెట్టిన. రెండు తలుపులకూ అయస్కాంతం సెన్సార్లు. మంచం మీద బియ్యం బస్తా పెట్టి, తీసి, మళ్ళ పెట్టి సరిచూసుకున్న. పావు కిలో తేడా గూడ లేదు.

తలుపులు మూసి, నేను, అక్క గోడకు ఆనుకొని కింద కూసున్నం. చేతిల ల్యాపుటాపు, వైరుతోని బోర్డుకు కలిపి. బావ బయట అరుగు మీద ఉన్నడు. అవ్వ ఎల్లకిల పండి, కాళ్ళు చాపుకొని, రేకుల దిక్కు చూస్తాంది.

పన్నెండు ముప్పై ఎనిమిదికి అవ్వ కాళ్ళు ముడుచుకున్నది.

ఊకనే కదిలినట్టు గాదు. బస్సుల ఎవరన్న నిలబడితే జరిగి జాగ ఇస్తం సూడుండ్రి, గట్ల. మోకాళ్ళు దగ్గరికి తీసుకొని, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నది. స్క్రీను మీద బరువు ముప్పై ఎనిమిది కిలోలే ఉన్నది. నేను నాలుగో ఐదో లెక్కపెట్టి ఉంట. అప్పుడు అరవై ఆరు పడ్డది.

కాళ్ళ దిక్కు ఉన్న రెండు కోళ్ళ మీదనే పడ్డది ఆ బరువు. తలాపు దిక్కు కోళ్ళ మీద ఏమంత తేడా లేదు.

నవారు కుంగిందా అని అడుగుతరు అందరు. నాకైతే కుంగినట్టు కనిపించలే. అక్క మాత్రం, కుంగింది, నేను కండ్లార చూసిన అంటది. మేమిద్దరం పక్కపక్కనే కూసున్నం.

అక్క నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నేను లేచి మంచం కాళ్ళ దిక్కు చెయ్యి పెట్టి చూద్దామనుకున్న. లేవలే. ల్యాబుల షాకు కొట్టే వైర్లు పట్టుకున్నదాన్ని, అక్కడ మాత్రం లేవలేకపోయిన.

అరగంటకు గీత దిగింది. అవ్వ మళ్ళ కాళ్ళు చాపుకున్నది.

అక్కనే ధైర్యం చేసి అడిగింది. "అవ్వా, ఎవలే వచ్చింది?"

"ఏమో బిడ్డా. దాని మొకం చూపెట్టది. ఎండల పడి నడిచొస్తది పాపం, జరంత సేపు కూసోని పోతది. దూప అయితాందా, నీళ్ళు తాగుతవా అంటే మాట్లాడది," అన్నది అవ్వ. మాకు అన్నం తిన్నరా అని అడిగినంత మామూలుగ అన్నది.

తలుపుల సెన్సార్లు చూసిన. రెండూ మూసే ఉన్నయి. అరుగు మీదున్న బావ గూడ ఎవరూ రాలేదన్నడు. నేను ల్యాపుటాపు ఆయన ముంగట పెట్టిన. చాలసేపు చూసి, దాన్ని మూసిండు. నన్ను గానీ, చిన్న బావను గానీ అనుమానించుడు ఆ గడియ నుంచి బందు చేసిండు. కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఎందుకంటే అవ్వ ఏలికి సిరా వెతికిన సంగతి ఎట్లనో మానుకోట చేరింది. మరుసటి ఆదివారం చిన్న బావ కారు మాట్లాడుకొని వచ్చిండు. ఇంట్లకు రాలేదు, వాకిట్లనే నిలబడ్డడు.

"మా అమ్మ ఏలు పట్టి చూసినవట అన్నా. నా ఏలు గూడ సూడు," అని చెయ్యి చాపిండు.

అక్క కాళ్ళావేళ్ళా పడ్డది. చిన్న బావ అవ్వను ఎత్తుకొని కార్ల పండవెట్టుకొని, పొద్దున పది గంటలకు మానుకోట తీసుకపోయిండు. ఆపేందుకు ఎవ్వరికీ మొకం లేదు. ఒకరకంగ అక్కకు గూడ అవ్వ ఆ ఇంట్ల ఉండుడు భయంగనే ఉండె. అది ఆమె నాకొక్కదానికే చెప్పింది.

నేను ఆ రోజు జనగామల ఉన్న. అంతకుముందే వైఫై మళ్ళ కలిపి వచ్చిన. పదింటికి ఫోన్ మోగింది, మంచం సున్న. ఇగ దాని పని అయిపోయిందనుకున్న. పన్నెండు నలభైకి చూస్తే ఖాళీ మంచం మీద ఇరవై ఎనిమిది.

అరగంటకు దిగలేదు. రెండయింది, మూడయింది. నేను అన్నం ముంగట పెట్టుకొని ఫోన్ దిక్కే చూస్తున్న. అక్కకు చేస్తే, ఆ మంచమున్న అర్రలకు నేను పోను అన్నది. పొద్దు గూకే యాళ్ళకు దిగింది. ఆ తెల్లారి నుంచి వారం రోజులు చూసిన. ఒక్క గ్రాము లేదు.

సెన్సార్లు తెచ్చి కాలేజీల పరీక్ష పెట్టిన. మా సార్లకు గ్రాఫులు చూపెట్టిన, అసలు సంగతి చెప్పకుండ. ఒకాయన వైరు వదులున్నదన్నడు, ఒకాయన వేడి అన్నడు. వదులు వైరైతే అన్ని రోజులు అదే ఇరవై ఎనిమిది చూపియ్యది. అవ్వ ముందుగాల కాళ్ళు ముడుచుకున్న దానికైతే ఏ వైరూ కారణం కాదు.

పోయిన నెల చిన్న బావ నాకు ఫోన్ చేసిండు. అన్నతోని ఇంకా మాట్లాడుతలేడు.

"కవితా, ఆ మిషన్ మా ఇంట్ల గూడ పెడతవా?"

అవ్వ బయటికి నడుస్తాందా అని అడిగిన.

"లేదు. మొన్నటిదాక మంచిగనే పండేది. రెండు రోజుల నుంచి మధ్యాహ్నం కాంగనే కాళ్ళు ముడుచుకుంటాంది. ఎందుకే అంటే, దానికి ఇప్పుడు ఇక్కడికి తొవ్వ దొరికింది బిడ్డా అంటాంది."

వచ్చే ఆదివారం వస్త చిన్న బావా అన్న. నాలుగు ఆదివారాలు పోయినయి. బస్టాండు దాక గూడ పోలేదు.