బోణీ కాని గాలిబండ

మా ఊళ్లో తిరిగే దయ్యాల కథల్లో సగం నేను అల్లినవే. చింతతోపులో తెల్లచీర, మోటబావి దగ్గర గజ్జెల చప్పుడు, అన్నీ నావే. వండినవాడికి అందులో ఏం కలిపాడో తెలుసు కదా, అందుకే దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇది మాత్రం నేను అల్లింది కాదు. నా మాట ఎవరూ నమ్మరని తెలిసే రాస్తున్నాను.

నిజాం పాలన చివరి రోజులు. పాలమూరు జిల్లాలోని మా దవాఖానకు మా దొర ఒక దానం చేశాడు. రోగుల మీద జాలితో కాదు, జిల్లా అధికారి తాలూక్‌దారు మెప్పు కోసం. గుండె జబ్బుతో ఊపిరాడని వాళ్లకు పట్టే ప్రాణవాయువు అది. మనిషెత్తు ఇనుప బండ, దానికో రబ్బరు గొట్టం, మూతికి పెట్టే తొడుగు. హైదరాబాదు నుంచి రైల్లో షాద్‌నగర్‌కు, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వచ్చింది. తెరిచి చూస్తే గాలి కొలిచే ముల్లు నిండుగా చూపించింది. మేళతాళాలతో ఊరేగించారు. బొట్లు పెట్టి పట్టుశాలువా కప్పారు. మా కూలిజనం భుజం మీద గుడ్డ లేదు, ఇనుముకు మాత్రం పట్టు.

పేచీ బోణీ దగ్గర వచ్చింది. మొదటి ఊపిరి ఏ కూలిమనిషో పీలిస్తే దానం మైలపడుతుందని దొర పట్టు. బోణీ తన కోటలాంటి గడీలో వాళ్లదే కావాలి. అయితే ఒంట్లో బాగున్నవాడు ఆ తొడుగు పెట్టుకుంటే రోగాన్ని పిలిచినట్టేనని పంతులు అన్నాడు. అంతే, గడీలో మగధీరులంతా వెనక్కి తగ్గారు. చివరికి బండను తెరవడానికి తిప్పే పిడి మీద దొర లక్క పోయించి, ఉంగరంతో ముద్ర గుద్దాడు. మంచి ముహూర్తం దాకా ఎవరూ ముట్టరాదు. ఆ ముహూర్తం రాలేదు. ఊపిరాడని వాళ్లు దాని పక్కనే ప్రాణాలు విడుస్తూ వచ్చారు.

నన్ను పెంచిన మేనత్త ఎల్లమ్మకు గుండె జబ్బు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఊపిరందక పెదవులు నల్లబడితే మంచంతో సహా దవాఖానకు మోసుకుపోయాం. మోసినవాళ్లు మంచం దించి పనిలోకి పోయారు. బండ పక్క గదిలోనే ఉంది. కంపౌండర్‌ను బతిమాలాను.

"జర ఆ ముద్ర పలగ్గొట్టు సాబ్. మా అత్త పోతాంది."

"పలగ్గొడితే నా నౌకరీ పోతది. పోయి దొరనడుగు."

"దొర పండుకున్నడు. లేపినోని ఈపు పలుగుతది."

"మరి నా ఈపేమన్న ఊరుమ్మడిదా?"

నేను ఆ గదిలోకి దూరి బండ మీదికి ఉరికాను. అతను రెండు చేతులా నా నడుము పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో మా ఇద్దరి కళ్లూ లక్క మీదే ఉన్నాయి. దానికి చిన్న బీట కూడా పడలేదు. అప్పుడే పక్క గదిలో అత్త రొప్పు ఆగిపోయింది. పోయిందనుకుని పరుగెత్తాం.

అత్త లేచి కూర్చుని ఉంది. పెదవులకు రంగు వచ్చింది. ముక్కు నుంచి గడ్డం దాకా, తొడుగు అదిమిపెట్టినట్టు గుండ్రటి ఎర్రని గుర్తు. నోట రబ్బరు వాసన. కంపౌండర్ వంగి వాసన చూసి, వెళ్లి లక్కముద్రను మళ్లీ తడిమి చూశాడు.

"ఎవరొచ్చిన్రత్తా?" అన్నాను.

"ఎవరో సల్లగ గాలి వట్టిన్రు కొడుకా. 'బోణీ నీదే అవ్వా' అని నవ్విన్రు. మొకం కానరాలే."

కొన్నాళ్లకు దొర గుండె పట్టుకుని కూలబడ్డాడు. మేనాలో తెచ్చారు. ఈసారి ముహూర్తం కోసం పంతుల్ని ఎవరూ పిలవలేదు. తన ముద్ర పదిలంగా ఉందని దొరే చూసుకుని తల ఊపాడు. కంపౌండర్ కత్తితో లక్క పెకలించి, తొడుగు పెట్టి, పిడి తిప్పాడు. బుస్సుమన్న చప్పుడు రాలేదు. ముల్లు సున్నా నుంచి కదలలేదు.

దొర తొడుగును పక్కకు నెట్టాడు.

"నా గాలికి బోణీ ఎవడు చేసిండ్రా?"

పోయేముందు ఆయన అడిగింది అదొక్కటే. పెండ్లాం పిల్లల పేరెత్తలేదు.

ఎక్కడో సందులోంచి గాలి కారిపోయిందని పట్నం డాక్టరు తేల్చాడు. కారితే కారి ఉండవచ్చు. కారిన గాలి గోడ దాటి మా అత్త మూతిని ఎట్లా వెతుక్కుంది? ఆ గుర్తు ఎట్లా పడింది? అత్త ఆ తర్వాత చాన్నాళ్లు బతికింది. ఎన్నిసార్లు అడిగినా ఆ నవ్విందెవరో చెప్పలేకపోయింది.

నేనల్లిన కథల్లో ఏ ఒక్కదానికీ ముగింపు దొరకక తడుముకోలేదు. దీనికి మాత్రం ఇప్పటికీ దొరకలేదు.