తంగేడు పూల గురించి నేను చెప్పిన సగం మాట

నాకు అక్షరాలు వచ్చేసరికి తలంతా నెరిసిపోయింది. చెన్నూరులో మా సంఘం పాస్టరమ్మ సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగి చదివేదాన్ని. అయినా ఆదివారం ప్రసంగానికి ముందు బైబిలు వాక్యం చదివే పని నాకే ఇచ్చారు. ఆ పని కోసం శనివారమే చీర ఉతికి ఆరేసుకునేదాన్ని.

తరువాత మా వాడలో బీడీలు చుట్టే ఇంటికి హుస్నాబాద్ నుంచి ఒక కోడలు వచ్చింది. ఆ ఇంట్లో ప్రభువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే. పదో తరగతి దాకా చదివింది. ఒక వారం నాకు గొంతు పోతే ఆమెను చదవమన్నారు. ఎక్కడా ఆగలేదు. చాపల మీద ఆడవాళ్లంతా తలలెత్తి విన్నారు. నేను చదివేటప్పుడు వాళ్లు పిల్లల జడలు సర్దుకునేవాళ్లు. పై వారానికి నా గొంతు వచ్చింది గాని, చదివే పని తిరిగి రాలేదు.

ఆమె కొంగు కప్పుకునే తీరు కూడా నాకు గిట్టలేదు. ప్రార్థనలో ఏడిస్తే నటన అనుకున్నాను. ఎక్కడైనా తప్పు చదువుతుందేమోనని వెంట వెంట వేలు పెట్టి చూసేదాన్ని. అంత శ్రద్ధగా వాక్యం నేనెప్పుడూ చదవలేదు. ఒక్క తప్పూ దొరకలేదు.

బతుకమ్మ రోజుల్లో ఆమె ఒడి నిండా తంగేడు పూలు తెస్తూ నాకెదురైంది. మా సంఘంలో నమ్మినవాళ్లు బతుకమ్మ ఆడరు. అడిగితే దాచలేదు. అత్తకు మోకాళ్ల నొప్పులు, గుట్ట ఎక్కలేదు, పూలు తెచ్చిచ్చి తాను పక్కకు ఉంటానంది. నేను పోయి పాస్టరయ్యకు పూల సంగతి చెప్పాను. మోకాళ్ల సంగతి చెప్పలేదు.

ఆయన అడిగితే, తెచ్చింది నిజమేనని మాత్రం అందట. అత్తను సాకుగా చూపించడం ఆమెకు ఇష్టం లేదు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, నమ్మినవాళ్లంతా రొట్టె పంచుకునే రోజు. రొట్టె పళ్లెం ఆమెను దాటిపోయింది. చదివే పని నాకొచ్చింది.

ఇంటికొచ్చాక లోపల ఒక గొంతు మొదలైంది. నువ్వు పాపిష్ఠిదానివి, నీ చదువు మీద మన్ను పడ, నీకు సంఘమెందుకు అని తిట్టింది. రెండు ఆదివారాలు పోలేదు. చెప్పడానికి సిగ్గే గాని, ఆ తిట్లు పడుతూ పండుకుంటే నాకు సుఖంగానే ఉంది. ఏడ్చాను కదా, చాలనిపించేది. ఆమెకు మాత్రం రొట్టె లేదు.

మూడో వారం బియ్యం చెరుగుతుంటే వేరే మాట తట్టింది. అది నన్ను ఏ తిట్టూ తిట్టలేదు. మోకాళ్ల సంగతి దాచావు, పోయి చెప్పు అంది, అంతే. దానికి ఏడుపు అక్కర్లేదు, చెప్పులేసుకుంటే చాలు. నువ్వు పనికిరావని తిట్టే శిక్షావిధి వేరు, చేసిన తప్పు చూపించి దిద్దుకోమనే పాపపు ఒప్పుకోలు వేరు అని పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పినా నాకు రెండూ ఒకటే అనిపించేవి. మొదటిది నన్ను ఇంట్లో పండబెట్టింది. రెండోది బయటికి నడిపించింది.

వాళ్లింటికి పోయేసరికి ఆమె బీడీలు చుడుతోంది. జరిగింది చెప్పాను. చేయి ఆపలేదు.

"గీ ముచ్చట నాకెర్కనే పెద్దమ్మా. నాకు చెప్తే ఏమొస్తది? ఎవలకు చెప్పినవో గాళ్లకే చెప్పు."

"నన్ను క్షమించినవా బిడ్డా?"

"ఇంకా లేదు," అంటూ ఆకు కత్తిరించింది. "ఆదివారం చూస్తా."

ఆదివారం చదవమని పిలిస్తే లేచి, వాక్యం తెరవకుండా, అందరి ముందు మిగతా సగం చెప్పాను. పాస్టరయ్య లేచి నిలబడ్డాడు. సరిగ్గా విచారించకపోవడం తన తప్పేనన్నాడు. పై నెల బల్లలో పళ్లెం ఆమె ముందు ఆగింది. ఆమె తీసుకున్నాకే నేను తీసుకున్నాను.

ఇప్పుడు ఆమే చదువుతోంది. నా కుళ్లు పోయిందని సాక్ష్యం చెప్తే అదీ అబద్ధమే. ఆమె గొంతు లేస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. మండినా పోయి ఆమె పక్కనే కూర్చుంటాను. ఆమె జరిగి చోటిస్తుంది. మాట మాత్రం ఇంకా తక్కువే.