చిక్కుడుకాయల ఆదివారాలు

సుబేదారిలో మా ఇంటి మేడగదిలో అద్దెకున్న బెంగాలీ సారు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. గదిలో కూర్చుని నవలలు రాసేవాడు. వాటిని చదవగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. నాదీ ఒంటి బతుకే. భర్త పోయి ఏళ్లయింది, పిల్లలు లేరు. బడిలో పాఠాలు చెప్పి ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన కొత్తగా రాస్తున్న నవల కాగితాలు పట్టుకుని కిందికి దిగాడు.

"జర ఇంటారా దీదీ? గోడకు చదివితే తప్పు తెలుస్తలేదు."

నాకు బెంగాలీ ముక్క రాదని మొహం మీదే చెప్పాను. వింటే చాలన్నాడు. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు గనుక చిక్కుడుకాయల చేట ముందేసుకున్నాను.

అలా ప్రతి ఆదివారం వీధి తలుపు బార్లా తీసి, ఆయన అరుగు మీద, నేను గడప దగ్గర. ఆయన నా మొహం కాదు, చేతులు చూస్తున్నాడని కొన్నాళ్లకు గానీ కనిపెట్టలేదు. వింటూ వింటూ నా చేతులు ఆగితే ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టుకునేవాడు. కాయలు తుంచుతూనే ఉంటే ఆ పేజీ మళ్లీ రాసేవాడు.

"దొంగ సారూ, నాకే పరీక్ష పెడుతున్నరా?" అని కసిరాను.

"మీరైతే మర్యాదకు తలూపుతరు దీదీ. చేతులకు మర్యాద తెల్వదు గదా."

పక్కింటామె ఊరుకుంటుందా? "అర్థంగాని కథకు గంటలు గంటలు కూసుంటవేందక్కా?" అంది. "అర్థమయ్యే నీ ముచ్చట్లు ఇనలేక" అన్నాను.

నాకో ఆశ ఉండేది, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ నవలలో ఎక్కడో నేను ఉన్నాననుకునేదాన్ని. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. నవల పూర్తయిన ఏడాదే ఆయనకు సొంతూళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆదివారం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. కొంతకాలానికి పుస్తకం పోస్టులో వచ్చింది. ఏళ్ల తరబడి దాని దుమ్ము తుడిచి దాచుకోవడమే నా పని.

తర్వాత మా బడిలో ఒక బెంగాలీ అమ్మాయి టీచరుగా చేరింది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. పుస్తకం చేతికిచ్చి, ఇందులో ఒంటరి ఆడమనిషి ఎవరైనా ఉందేమో చూడమన్నాను. మరుసటి ఆదివారం ఇంటికొచ్చింది.

"మొత్తం చదివిన టీచర్. పడవ నడిపే అన్నదమ్ముల కథ. మీరు చెప్పినసొంటామె అయితే లేదు."

ఇన్నేళ్లు ఏం చూసుకుని మురిశానో అని నా మీద నాకే ఒళ్లు మండింది.

"అర్థం చెప్పాల్నా?" అంది.

"అర్థం వద్దు. ఊకె చదువు."

చేట ముందేసుకున్నాను. ఆ అమ్మాయి గబగబా చదువుతోంది. కాసేపటికి నా చేతులు ఆగాయి. తుంచడం మొదలుపెట్టాను, మళ్లీ ఆగాయి. ఆ వాక్యాలు నాకు తెలుసు. అప్పుడు నేను ఆగినందుకే అవి ఆ పుస్తకంలో మిగిలాయి.

ఆగిన చేతులతోనే తలెత్తి చూశాను. ఆ అమ్మాయి పేజీ తిప్పి చదువుకుంటూ పోతోంది. నా వైపు చూడలేదు.