అరుగు దాకా వచ్చిన సిగ్నల్

దుర్గకు నర్సింగ్ సీటు పోయిందన్న కబురు మొదట మా ఇంటికి తెచ్చింది వాళ్ళమ్మ మంగ. చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని ఆమె వెళ్ళిపోయింది. ఆ కబురు నా గుండెల మీద ఏడేళ్ళుగా అలాగే ఉంది. ఆ సీటు పోవడానికి కారణం నేను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఊరు. నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, ఆ పుణ్యానికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అప్పట్లో మా వీధిలో ఫోన్లకు నెట్ అందేది కాదు. మా తమ్ముడు సబ్బుపెట్టె అంత వైఫై డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. పూజగది కిటికీలో పెడితే ఎలాగో సిగ్నల్ అందుకునేది. మా అరుగు దాకా వచ్చేది, అంతే. మోకాళ్ళ నొప్పులతో అన్నవరం కొండ ఎక్కలేని నాకు, ఫోన్‌లో అక్కడి పూజ చూస్తుంటే స్వామి ఇంటికే వచ్చినట్టయింది. ఆ డబ్బా బటన్ నొక్కడం నాకు నేర్పింది దుర్గే. వెనక వీధిలో చేపలమ్మే మంగ కూతురు. మా అరుగు మీద కూర్చుని ఆ నెట్‌తోనే చదువుకునేది.

అది కార్తీకమాసం, సీటు పోయిన ఆ రోజు మా ఇంట్లో వ్రతం. పంతులుగారు ఫోన్‌లో కథలు చెబుతారు, నేను మడి కట్టుకుని ఇక్కడ పూజ చేసుకుంటాను. మూడింటికి గేటు చప్పుడైంది. దుర్గ. ఎండుచేపలు ఆరబోసి అటునుంచి అటే వచ్చింది. ఆ నెలంతా మేము నీచు ముట్టం. ఆ వాసన అరుగెక్కుతుందని తోచగానే నా వేలు బటన్ మీదకు పోయింది. లైటు ఆరిపోయింది.

"అత్తయ్యగారూ, నర్సింగ్ సీటుకి నెట్‌లో కాలేజీ పేర్లు పెట్టడానికి ఈరోజే ఆఖరండి. ఐదింటికి మూసేస్తారంట. పావుగంట చాలండి."

"పొద్దుట్నుంచీ డబ్బాకి సిగ్నల్ లేదమ్మా."

"ఓసారి ఇటివ్వండి, చూస్తాను."

"మడిలో ఉన్నానే, ముట్టుకోకూడదు."

అప్పుడే ముట్టుకున్న వేలిని చీర చెంగులో దాచుకున్నాను.

దుర్గ నవ్వింది. "అయితే ఇవాళ దేవుడుగారు కూడా ఆఫ్‌లైనేనన్నమాట! సిగ్నల్ వస్తే ఓ కేకెయ్యండి అత్తయ్యగారూ, కాలవ వంతెన మీదే కూచుంటాను."

ఆమె వెళ్ళగానే మళ్ళీ బటన్ నొక్కాను. స్వామి కనిపించాడు. కథలు మొదలయ్యాయి. ఒక కథలో వర్తకుడు, పడవలో ఏముందని అడిగినవారికి అబద్ధం చెబుతాడు. ఆ మాట వింటూ అక్షింతలు వేశాను. దుర్గను మరిచిపోయానా? అలా అనుకోవాలని ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను. లేదు, గుర్తుంది. కిటికీలోంచి వంతెన మీద ఆమె తల కనిపిస్తూనే ఉంది. మధ్యలో లేస్తే వ్రతభంగం అనుకున్నాను. ఒక పిల్ల నా కేక కోసం ఎదురుచూస్తుంటే పీట మీద కదలకుండా కూర్చోవడాన్ని భక్తి అనుకున్నాను. హారతి అయ్యేసరికి ఐదు దాటింది. నేను పిలుస్తానన్న నమ్మకంతో ఆమె, నెట్ దొరికే నరసాపురానికి బస్సు కూడా ఎక్కలేదు.

మర్నాడు మంగ ఏమందో తెలుసా? "మీరేం చేస్తారండీ, డబ్బాకి సిగ్నల్ లేకపోతే! ఇన్నాళ్ళూ మీ అరుగు మీదే గదండీ చదివింది. ఆ మేలు మర్చిపోతామా?" అంటూ ములక్కాడల కట్ట చేతిలో పెట్టింది. పులుసు పెట్టుకుని తిన్నాను కూడా.

మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నించేలోపే దుర్గ తండ్రి మంచాన పడ్డాడు. ఆమె రొయ్యల షెడ్డులో చేరింది. పొద్దంతా ఐసు నీళ్ళలో చేతులు. ఇప్పుడు మా వీధిలో అందరి ఫోన్లకూ నెట్ ఉంది, ఎవరూ మరొకరి అరుగెక్కి అడగనక్కర్లేదు. అది మంచిదే. కానీ ఫోన్ మోగితే నాకు దడ. డబ్బా ఎప్పుడు ఆపానో, ఎప్పుడు పెట్టానో ఎక్కడైనా నమోదై ఉంటుందా? ఎవరైనా తీసి దుర్గకు చూపిస్తారా? బస్సులో కనిపిస్తే ఆమె లేచి నాకు సీటిస్తుంది. ఆ సీటులో ఎలా కూర్చుంటానో ఆ స్వామికే తెలియాలి.

ఆమెకు చెప్పలేక మీకు చెప్పడం పిరికితనమే. క్షమించమని అడగను. రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. ఒక్కటే కోరుకుంటాను. మీరు దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి దుర్గను తలచుకోండి. రొయ్యల షెడ్డు పిల్ల అని కాదు, నర్సు కావలసిన పిల్ల అని.