ఓబులరెడ్డి జీపుకు మొదటి ర్యాంకు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను ప్రొద్దుటూరు నుంచి పులివెందులలోని జీపుల వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజర్‌గా వేశారు. చేరిన వారానికే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. సర్వీసుకొచ్చే ప్రతి పాత డీజిల్ జీపుకూ క్యాచ్ క్యాన్ బిగించాలి, తర్వాతి సర్వీసులో అందులో ఎంత ఆయిల్ చేరిందో జాబ్ కార్డులో రాయాలి.

క్యాచ్ క్యాన్ అంటే చిన్న డబ్బా. ఇంజన్‌లో మండిన గ్యాసు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. అది బ్రీదర్ గొట్టం గుండా మళ్లీ ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి పోతూ, ఆయిల్ ఆవిరిని వెంట తీసుకుపోతుంది. ఆ ఆయిల్‌ను మధ్యలో పట్టి ఆపేదే ఈ డబ్బా. అడుగున కాస్త చేరడం మామూలే, పారబోసుకుంటే సరి. త్వరత్వరగా నిండుతోందంటే మాత్రం రింగులు అరిగాయని అర్థం.

ఈ చివరి మాట నేను ఎవరికీ చెప్పలేదు. పైగా అన్నీ వరసలో ఉండాలనే జబ్బు నాకుంది. జీపు నంబరు, యజమాని పేరు, డబ్బాలో చేరిన ఆయిల్, ఎక్కువ నుంచి తక్కువకు టైపు చేయించి నోటీసు బోర్డుకు అంటించాను.

పులివెందుల చుట్టుపక్కల బోరులో రెండించుల నీళ్లు పడ్డాయా, మూడించులు పడ్డాయా అన్నదే మనిషి అదృష్టానికి కొలత. నా జాబితానూ ఆ కళ్లతోనే చదివారు. మొదటి పేరు చీనీ, అంటే బత్తాయి, తోటల ఓబులరెడ్డిది. ఆయన మరునాడే వచ్చి, బానెట్ ఎత్తించి, డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. ఎందుకని అడగడం మర్యాద కాదనుకుని నేనూ ఓ కొబ్బరి ముక్క తిన్నాను. నెల తిరిగేసరికి జాబితాలో అడుగున ఉన్నవాళ్లు తమ ఇంజన్లలో లోపమేమిటని నన్ను నిలదీయసాగారు. నిజానికి ఊళ్లో మంచి ఇంజన్లంటే వాళ్లవే.

రింగులు మార్చాలని ఓబులరెడ్డితో చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పడిన బోరును పూడ్చమంటాండావా సారూ?"

మస్తాన్ రాకపోతే ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణి. అతను కువైట్‌లో ఏళ్ల తరబడి వంటపని చేసి తిరిగొచ్చాడు. జమ్మలమడుగు దారిలో బాడుగకు తిప్పుకోవడానికి ఓ జీపు కొనాలనుకున్నాడు. చేతిలో ఉన్నదంతా దానికే, మళ్లీ కువైట్ పోయే ఓపిక లేదన్నాడు. అప్పుడు అమ్మకానికి రెండు జీపులున్నాయి. జాబితాలో చివరన ఉన్న ఒక మేష్టారి జీపు, పేరొచ్చినప్పుడే అమ్ముకోవాలని ఓబులరెడ్డి బేరానికి పెట్టిన జీపు. మస్తాన్ ఓబులరెడ్డికే మాటిచ్చేశాడు. ఎండిన బోరున్న చేను ఎవరు కొంటారని నన్నే అడిగాడు.

నాకు భయం వేసింది. ఆ మనిషి నా బోర్డు చూసే మునగబోతున్నాడు. రింగుల గురించి గంటసేపు చెప్పాను. మేష్టారి దగ్గర కమీషన్ తిన్నానని ఓబులరెడ్డి తేల్చేశాడు. చివరికి ఇద్దరి కళ్లముందే ఓబులరెడ్డి జీపు డబ్బా ఖాళీ చేసి, ఇంజన్‌లో కొలకడ్డీ పై గీత దాకా ఆయిల్ పోసి, ముగ్గురం అదే జీపులో ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయి వచ్చాం.

తిరిగొచ్చాక ఓబులరెడ్డి డబ్బా మూత తీసి, నిండా ఉందని వెలిగిపోతున్న ముఖంతో చూపించాడు. నేను ఆయిల్ కొలిచే కడ్డీ లాగి మస్తాన్ చేతికిచ్చాను. ఆయిల్ కింది గీతకు దిగింది. అతను డబ్బానూ కడ్డీనీ మార్చి మార్చి చూసి, ఓబులరెడ్డి వైపు తిరిగాడు.

"మామా, ఇది బోరు గాదు. మనం నింపిన ట్యాంకే కారతాండాది."

మస్తాన్ మేష్టారి జీపు కొన్నాడు. ఓబులరెడ్డి రింగులు మార్పించుకున్నాడు గానీ, తన బోరు ఎండగొట్టానని నేను రిటైరయ్యేదాకా అంటూనే ఉన్నాడు.

నేను జాబితాను తలకిందులు చేసి, తక్కువ ఆయిల్ చేరినవాళ్లను పైన పెట్టాను. వారం తిరక్కుండానే ప్రతి జీపూ తళతళలాడే ఖాళీ డబ్బాతో రాసాగింది. మా గేటు బయట మట్టి మాత్రం నల్లబడిపోయింది.

కొలతను నలుగురిలో పెట్టేవాడు అది పెరిగితే మేలో కీడో కూడా పక్కనే రాయాలి. నేను రాయలేదు. ఆ తర్వాత నోటీసు బోర్డు మీద సెలవుల పట్టిక తప్ప మరేదీ పెట్టలేదు.