సిరిసిల్ల దాకా మోసిన పంటి పగ

మానవ చరిత్రలో కుడిఎడమల పోరాటాలు చాలానే నమోదయ్యాయి. రాయికల్‌లో పదో తరగతి చదివే తేజస్విని ఎడమ దవడతో మాత్రమే నమలడం ఎందుకు మొదలుపెట్టిందో మాత్రం ఏ పండితుడూ రాయలేదు. ఆ లోటు ఇప్పుడు తీరుతుంది.

ఎనిమిదేళ్ల కింద కోరుట్లలో ఒక పళ్ల డాక్టరు, "ఊకె చూస్త బిడ్డా, ఏం చెయ్య" అన్నాడు. చూశాడు. కుడివైపు పన్ను పీకాడు. ఏడేళ్ల తేజస్విని నెత్తురు ఉమ్ముతూ శపథం చేసింది: నోట్లో పెట్టిన ఆ డాక్టరు వేలు కొరకాలి.

అది మొదలు కుడి దవడకు పని లేదు, ఏ డాక్టరుకూ నోరు తెరిచింది లేదు. బడికి పళ్లు చూసేవాళ్లు వస్తే ఆ రోజు జ్వరం తెచ్చుకునేది. ఇంకో పన్ను పుచ్చింది. తల్లి శాంత బీడీలు చేస్తుంది; చాటలోని తంబాకు చిటికెడు తీసి పంట్లో కుక్కింది. నొప్పి మొద్దుబారింది. మందు ఇంట్లోనే దొరికిందని ఇద్దరూ మురిశారు. ఆ మురిపెంలో ఏడాది గడిచింది, సగం పన్ను కరిగింది.

పరీక్షలకు నెల ముందు చెంప ఉబ్బింది.

"జగిత్యాల పోదాం పా" అంది శాంత.

"పోను. నాకు గా కోరుట్ల సారే కావాలె."

"ఆయన పేరెత్తితెనే ఏడుస్తవు గదనే! అయినా ఆయన సిరిసిల్లకు మారిండట."

"సిరిసిల్లకే పోదాం."

"చెంప వాసిందా, తల వాసిందా నీకు?"

"గాయనైతెనే నోరు తెరుస్త."

రెండు బస్సులు మారారు. డాక్టరుకు జుట్టు నెరిసింది, మాట మారలేదు.

"ఊకె చూస్త బిడ్డా."

తేజస్విని నోరు తెరిచింది. వేలు లోపలికి, ఇంకా లోపలికి వచ్చేదాకా ఓపిక పట్టింది. ఎనిమిదేళ్ల బలమంతా కూడగట్టి కొరికింది.

కెవ్వుమన్నది తేజస్వినే. బరువంతా పుచ్చిన పంటి మీదే పడింది.

"ఆఁ, గిదే పన్ను" అన్నాడు డాక్టరు, వేలు తీసుకుంటూ. శాంత వైపు తిరిగాడు. "తంబాకు పెట్టిన్రా?"

"జరంతనే సారూ."

"ఇంక పెట్టకున్రి. పీకద్దు, నిలుపుదాం. మూడుసార్లు రావాలె."

తేజస్విని ఆయన ముఖంలో వెతికింది. గుర్తుపట్టిన జాడ లేదు, నొచ్చిన జాడా లేదు.

ఆ రోజు ఆయన చూసింది ఇరవై ఆరుగురిని. వాళ్లలో వేలు కొరికినవాళ్లు నలుగురు.